గంటకు ఎన్ని గౌన్లు

ఆసుపత్రి కింది అంతస్తులోని ఇస్త్రీ గదిలో ఆమెను అందరూ పిన్ని అనేవారు. పంతొమ్మిదేళ్లుగా ఆపరేషన్ గౌన్లన్నీ ఆమె బల్ల మీదికే వచ్చేవి. ఒక్కో గౌనుకు ఆరు నాడాలు. ప్రతిదాన్నీ వెలుతురుకు పట్టి చిల్లులున్నాయేమో చూడాలి. తొడుక్కునే డాక్టరు చెయ్యి గౌను లోపలి వైపుకే తగిలేలా తిరగేసి మడవాలి. పడుచు పిల్లలకు ఆ పని గిట్టదు. "పోనీలెండర్రా, నేను చూసుకుంటా" అని ఆమే తన వైపు లాక్కునేది.

కొత్త సూపర్‌వైజరు వచ్చి గోడకు బోర్డు తగిలించాడు. ఎవరు గంటకు ఎన్ని బట్టలు చేశారో అందులో పడుతుంది. గౌనైనా ఒకటే, దిండు గలీబైనా ఒకటే. నెల తిరిగేసరికి పిన్ని పేరు అట్టడుగున, ఎర్ర సిరాతో.

"చేతులు మొద్దుబారినట్టున్నాయి పిన్నీ. వచ్చే నెలా ఇంతే అయితే ఇక ఇంటిపట్టునే ఉందురుగాని" అన్నాడతను, అందరూ వింటుండగా. ఎవరో కిసుక్కుమన్నారు.

మర్నాడు పిన్ని అందరికంటే ముందొచ్చి గలీబుల మూటలన్నీ తన బల్ల కిందికి లాక్కుంది.

"అదేంటి పిన్నీ, మరి గౌన్లో?" అంది పక్క బల్ల అమ్మాయి.

"మీ చేతులు చురుగ్గా ఉన్నాయిగా తల్లీ. కానివ్వండి."

వారంలో ఆమె పేరు బోర్డు పైకెక్కి కూర్చుంది. గౌను ముట్టినవాళ్ల పేరు కిందికి జారింది. దాంతో అందరూ వాటిని ముట్టడం మానేశారు. పక్క బల్ల అమ్మాయి పేరుకు ఎర్ర సిరా తగిలి కళ్లు తుడుచుకుంటుంటే పిన్నికి జాలి వేయబోయింది. ఆనాడు కిసుక్కుమన్న గొంతు గుర్తొచ్చి తల తిప్పుకుంది.

ఒక ఉదయం గౌన్లు చాలక రెండు ఆపరేషన్లు ఆగాయి. పెద్ద డాక్టరమ్మ స్వయంగా దిగొచ్చి సూపర్‌వైజరును నిలబెట్టి కడిగేసింది. ఆవిడ వెళ్లగానే అతను పిన్ని దగ్గరికి వచ్చాడు.

"గౌన్లు మీరే చూడండి పిన్నీ. గంటకు ఎన్నైనా పర్లేదు."

"నా ఉద్యోగం?"

"మీ జోలికి రాను."

"ఆ ముక్కే కాగితం మీద రాసి సంతకం పెట్టండి."

పెట్టాడు. ఆమె దాన్ని సంచిలో భద్రంగా దాచుకుని, ఒక గౌన్ల మూట ఈడ్చుకొచ్చి అతని ముందు విప్పింది.

"రేపటి నుంచి నావి. ఇవాళ్టివి మీరు మడవండి."

"నాకు రాదే."

"నేర్చుకోండి. పైన డాక్టరమ్మ గౌన్ల కోసం ఎదురుచూస్తోంది."

చొక్కా చేతులు పైకి మడిచి, నాడాలతో కుస్తీ పట్టి, ఎలాగో ఒక గౌను పూర్తి చేశాడు. గదిలో ఇస్త్రీ పెట్టెలన్నీ ఆగిపోయాయి. పిన్ని దాన్ని అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్క విదిలింపుతో మడతలన్నీ విప్పి మళ్లీ అతని ముందు పడేసింది.

"బయటి వైపు పైకొచ్చింది బాబూ" అని కుర్చీ లాక్కుని కూర్చుంది.