పలకని మీట

1999 వేసవిలో మదనపల్లెలో ఒక వైద్యుడు నా కళ్లు మూయించి, కుడిచేతి ఉంగరపు వేలిని సూదితో పదిసార్లు గుచ్చాడు. ఏడుసార్లే తెలిసింది. "చేతికి విశ్రాంతినివ్వండి. దసరాకు ఒకసారి వేదికపై వాయించి చూడండి. వేలు మొరాయిస్తే వాయించడం మానుకోవాల్సిందే" అన్నాడు. మిగిలిన మూడింటి సంగతి నేను ఇంట్లో చెప్పలేదు.

పుంగనూరులో పుట్టి బెంగళూరులో స్థిరపడిన నాకు పియానో వాయించడం, వాయిస్తూనే వాద్యబృందాన్ని నడిపించడం వృత్తి. తల ఊపుతోనూ, ఖాళీ దొరికిన చేతితోనూ పన్నెండు మందిని నడపాలి. నా వేలు తప్పితే వాళ్లందరూ తప్పుతారు.

ఆ దసరా కచేరీ కుప్పంలో కుదిరింది. గ్రానైటు వ్యాపారి ఒకాయన కూతురి కోసం పియానో కొని, తన కల్యాణ మండపంలో పెట్టించాడు. విజయదశమి ఉదయం అక్కడే సాధన మొదలుపెట్టాం. లయ నిమిషానికి డెబ్బై రెండు. నలభై ఒకటో ఆవర్తంలో ఉంగరపు వేలు ఒకే మీటను వెంటవెంటనే రెండుసార్లు నొక్కాలి. మొదటిది పలికింది. రెండోది పలకలేదు. లయను అరవైకి తగ్గించినా అంతే. వయొలిన్ల వాళ్లు కమానులు దించారు. వాళ్లను టీకి పంపి ఒక్కడినే కూర్చున్నాను.

వ్యాపారి తల్లి వచ్చి చూసింది.

"ఏమప్పా, అట్ట కూసోనుండావు?"

"ఒక మీట పలకడం లేదమ్మా."

"పలక్కుండా యాడికి పోతాది? నిన్న ఆయుధ పూజ నేనే జేసినా. రాళ్లు కోసే మిషన్లకు, లారీలకు గంధం పెట్టి, దీనికి యాల పెట్టకూడదు? సందుసందుకూ పెట్టినా. ఒక్కటి ఇడవలా!"

కొడుకు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా! పైన బొట్టు పెడితే సాలదా? లోపల యాల పూసినావు?"

"లారీకి నువ్వు ఇంజను కాడ పెట్టవా?"

టార్చి వేసి చూశాను. ఆ మీట పక్క సందులో గంధం ఎండి గట్టిపడింది. నొక్కిన మీట పైకి లేవడం లేదు. చీపురు పుల్లతో గీకి, పొడి గుడ్డతో తుడిచాం. ఎడమచేతితో పదిసార్లు నొక్కాను. పదిసార్లూ పలికింది.

"తప్పు మాయమ్మది సార్, మీ సేతిది కాదు" అని వ్యాపారి నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. సాయంత్రం ఆ స్వరం తప్పితే నిందించడానికి ఇక గంధం ఉండదు.

సాయంత్రం నలభై ఒకటో ఆవర్తం వచ్చింది. స్వరం రెండుసార్లూ పలికింది, లయ చెదరలేదు. బృందం ముందుకు సాగిపోయింది. అయితే రెండోసారి నొక్కిన సంగతి నా వేలికి తెలియలేదు. చెవి విని నాకు చెప్పింది. అక్కడి నుంచి చివరి వరకు, వేలు మీట మీద ఉందో లేదో ప్రతి స్వరానికీ చెవితోనే తెలుసుకుంటూ, ఏదో ఒకచోట నిశ్శబ్దం ఎదురవుతుందన్న భయంతోనే వాయించాను.

చప్పట్లు మోగాయి. వ్యాపారి దండ వేశాడు. ఆయన తల్లి పియానోను చూపించి, "సూసినారా, పూజ జేసినందుకే ఇట్ట పలికింది!" అని అందరికీ చెబుతోంది.

"వచ్చే దసరాకు గూడా మీరే రావాల సార్" అన్నాడు వ్యాపారి.

"వస్తాను. బృందాన్ని నడిపిస్తాను. పియానో వాయించేవారిని వెంట తీసుకొస్తాను" అన్నాను.