కొత్త బడిలో నిజంగా కొత్తది

పోయినేడు వేసవి సెలవులకు ముందు ఘాట్ రోడ్డు పక్కన కొత్తగా కట్టిన హాస్టల్ బడి చూడడానికి పెదబయలు దగ్గరున్న మా ఊరి నుంచి వెళ్లాం. నేను, మా అత్త, తొమ్మిదేళ్ల మా అమ్మాయి. ఫీజు మా మిరియాల పంటకు మించినదే, అయినా తంటాలు పడి కట్టేవాళ్లం. చేర్చితే పిల్ల క్రిస్మస్‌కీ వేసవికీ తప్ప ఇంటికి రాదు. చేర్చకపోతే దానికి అందాల్సిన చదువును నేనే అడ్డుకున్నట్టవుతుందేమో. దారి చూపమని మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థించాను.

హాల్లో ప్రిన్సిపాల్ గారు తెర మీద బొమ్మలు చూపిస్తూ, "ప్రతి బిడ్డలోనూ ఒక వెలుగు ఉంది" అన్నారు.

"ఆమెన్!" అంది మా అత్త, చెయ్యెత్తి. మా చర్చిలో అలవాటు. ఆయన ఆగిపోయారు. అందరూ మావైపు తిరిగారు.

"అత్తా, ఇది గుడి కాదు," అన్నాను మెల్లగా.

"అయితే ఏటి? మంచి మాట సెప్పినాడు, ఊరుకుంటామేటి?"

తర్వాత తరగతి చూపించారు. పెద్ద పిల్లలు చిన్నవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లింటి భాషలోనే పాఠం చెబుతున్నారు. ఎక్కడా లేని పద్ధతి అన్నారు. మా ప్రార్థన మందిరానికి ఉన్నది ఒకటే గది. అందుకని ఆదివారం బడిలో నేను ఏళ్ల తరబడి చేయిస్తున్నది అదే. నవ్వొచ్చింది. గుండె తేలికపడింది.

అంతలో ఒక పాప లేచి, తెల్లటి కాఫీ పువ్వుకు ఎర్రటి పండు ఎలా వస్తుందని అడిగింది. టీచరమ్మ, "నాకూ తెలీదమ్మా, కలిసి వెతుకుదాం" అంది.

ఆ బడిలో నాకు కొత్తగా కనిపించింది అదొక్కటే. నేను బైబిల్ వచనాలు కంఠస్థం చేయిస్తాను. ఎవరైనా ప్రశ్న వేస్తే, ముందు వచనం చెప్పమంటాను. పన్నెండేళ్ల ప్రభువు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ప్రశ్నలడిగిన సంగతి ఎన్నిసార్లు చెప్పానో! అది చెప్పిన రోజు కూడా పిల్లల్ని అడగనివ్వలేదు. సిగ్గేసింది. ఇది నేర్చుకోవాల్సింది నేను, దీనికోసం పిల్లను హాస్టల్లో పెట్టక్కర్లేదు అని తోచింది. ప్రార్థనకు జవాబు దొరికిందనుకున్నాను.

తిరిగొచ్చే జీపులో అమ్మాయి అడిగింది. "అమ్మా, నన్నెప్పుడు దింపెత్తారు ఆ బడిలో?"

"దింపం. మనూరి బడికే ఎల్దువు."

"ఒట్టు?"

"ఒట్టులెయ్యకూడదని సెప్పానా?"

"ముందు దానికేదైనా ఎట్టు," అంది అత్త. "పొద్దున్నుంచి ఈ గుంట ముద్ద ముట్టలేదు."

వెంట తెచ్చిన అన్నం పొట్లం విప్పాను. ఆ కుదుపుల్లోనే మొత్తం తినేసింది.

ఆ ఆదివారం వచనాలయ్యాక, "ఎవరైనా ఏదైనా అడుగుతారా?" అన్నాను. చివరికి మా అమ్మాయే లేచింది.

"పరలోకంలో మన ఒరియా మాటాడతారా?"

ఇంట్లో మేం ఒరియా, తెలుగు కలిపి మాట్లాడతాం. "నాకు తెలీదమ్మా," అన్నాను.

వెనక చాప మీద నుంచి మా అత్త అందుకుంది. "మాటాడకపోతే నానక్కడ ఏటి సేత్తాను?"