అత్త బయట కూర్చున్న రోజులు

మా మేనత్త పోయిన నెల ఎమ్మిగనూరులో చనిపోయింది. రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ పక్కకు ఒరిగిపోయిందట. పక్కింటామె ఫోన్ చేసేటప్పటికి నేను ఆదోని బస్టాండులో ఉన్నాను. "మీ అత్త లేదమ్మా, బిన్నా బయల్దేరి రా" అని పెట్టేసింది. అత్తకు పిల్లలు లేరు. మామ ఎప్పుడో పోయాడు, మా నాన్న, చిన్నాన్న కూడా లేరు. ఆ కబురు ముందుగా నాకే చెప్పాలని పక్కింటామెకు తోచిందంటే, అత్తకు నాకంటే దగ్గరివాళ్ళు ఎవరూ లేరని ఊరికంతా తెలుసన్నమాట.

చిన్నప్పుడు ఎండాకాలం సెలవులు ఆమె ఇంట్లోనే గడిపేదాన్ని. తల దువ్విందంటే కళ్ళు పైకి లాక్కుపోయేంత బిగించి జడ వేసేది. నెలకు మూడు రోజులు మాత్రం నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు. వెనక వసారాలో చాప, కంచం, చెంబు పెట్టుకుని బయట కూర్చునేది. ఆ మూడు రోజులూ మామే పొయ్యి దగ్గర బొరుగుల ఉగ్గాని చేసి, కంచంలోకి పైనుంచి వేసేవాడు. అత్త వాళ్ళ అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది: "మా కోడలికి గడియారం మాదిరి వస్తాది. లోపమేమీ లేదు. దేవుడే ఇంకా కన్ను తెరవలేదు." అత్త ఆ మాట విని తల వంచుకుని కండెలు చుట్టుకునేది. ఏటా శ్రావణంలో ఉరుకుందకు పోయి ఈరన్న స్వామికి మొక్కుకుని వచ్చేది.

పెళ్ళయిన నాలుగేళ్ళకు, ఇరవై తొమ్మిదో ఏట నాకు నెలసరి తప్పడం మొదలై, ఏడాదిలో పూర్తిగా ఆగిపోయింది. కర్నూలులో డాక్టరమ్మ మా ఇంటి ఆడవాళ్ళ సంగతి ఒక్కొక్కరిదీ అడిగింది. అమ్మ గట్టిగా చెప్పింది: "మా తట్టు అందరికీ నలుగురైదుగురు బిడ్డలు." నాన్న వైపు ఎవరూ లేరా అంటే, "మా ఆడబిడ్డకు పిల్లలు లేరు గానీ, ఆమెకు నెలనెలా సక్రమంగా వస్తాండె. నేను కండ్లారా చూసినా" అంది. డాక్టరమ్మ అలాగే రాసుకుంది. అమ్మ అబద్ధం చెప్పలేదు. చూసిందే చెప్పింది.

ఎమ్మిగనూరు పోయినప్పుడు ఇదంతా అత్తకు చెప్పాను. రాట్నం ఆగిపోయింది. నా మొహంలోకి చూడలేదు. మర్నాడు పొద్దున్నే ఆదోనికి వచ్చి, మా వంటింట్లో చెప్పులైనా విప్పకుండా నిలబడింది.

"నాకు ఇరవై ఏడేండ్లకే ఆగిపోయిండాదే. ఆ తర్వాత పదిహేనేండ్లు ఉత్తగానే బయట కూసుంటాంటి."

ఎందుకత్తా అన్నాను.

"ఆగిపోయిందని తెలిస్తే మీ మామకు ఇంకో పెండ్లి చేస్తాండ్రి. నెలకు మూడు దినాలు బయట కూసుంటేనే కదా, మిగతా దినాలు ఇంట్లో ఉండనిచ్చేది."

అమావాస్య వెళ్ళిన నాలుగో రోజున కూర్చోవాలన్నది ఆమె పెట్టుకున్న లెక్క. అందుకే అంత గడియారంలా వచ్చేది. మామకు తెలుసా అని అడిగాను. "తెలుసు. ఒక్క మాట అడగల్యా. ఉగ్గాని చేసి పెడ్తాండె, అంతే."

ఆ మాట డాక్టరమ్మకు కూడా చెప్తానని తనే నాతో కర్నూలు వచ్చింది. డాక్టరమ్మ మొదటిసారి రాసుకున్నది కొట్టేసింది. ఇలా తొందరగా ఆగిపోవడం కొన్ని ఇళ్ళలో రక్తంలోనే వస్తుందని, తల్లి వైపు నుంచే రావాలని లేదని, ఒంట్లో ఏ తేడా కనపడని తండ్రి నుంచి కూడా కూతురికి రావచ్చని విడమరిచి చెప్పింది. పెళ్ళయిన కొత్తలోనే తెలిసి ఉంటే పిల్లల కోసం ఆలస్యం చేయొద్దని నాకు చెప్పి ఉండేదట. అత్త వింటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాకు చాలా కోపం వచ్చింది. ఆరు నెలలు ఎమ్మిగనూరు పోలేదు. తర్వాత మళ్ళీ పోయింది ఆమె మీద జాలితో కాదు. నా బాధ తెలిసిన మనిషి ఇంకెవరూ లేక పోయాను. మా ఆయన మంచివాడే, కానీ ఇది ఆయనకు అందేది కాదు. అత్త పక్కన కూర్చుంటే ఏమీ చెప్పనక్కర్లేదు. ఒకసారి తనే అంది: "మన ఇంటి ఆడపిల్లలకు సెప్పు. నాకు నోరు రాదు." సరేనన్నాను. రెండేళ్ళు గడిచినా ఒక్కరికీ చెప్పలేదు. నాకూ నోరు రాలేదు.

కర్మ చేసిన పెద్ద దినం నాడు భోజనాలయ్యాక ఆడవాళ్ళంతా కూర్చుని ఆమె గురించే మాట్లాడుకున్నారు. ఒక ముసలామె మెచ్చుకుంటూ అంది: "ఎంత పద్ధతి ఆమెది. ఒక్క నెలైనా బయట కూసునేది తప్పల్యా. అట్లాంటి దానికి దేవుడు కడుపు పండీయల్యా." అందరూ అవునన్నారు, అమ్మ కూడా. ఊరుకుంటే ఆ అబద్ధం ఆమె పేరు మీద అలాగే నిలిచిపోతుంది. నేను గొంతు పెంచకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆమెకు ఏ వయసులో ఆగిందో, నాకు ఏ వయసులో ఆగిందో, డాక్టరమ్మ ఏమందో. అమ్మ లేచి లోపలికి పోయింది. ఒక్కొక్కరే ఏదో పని చెప్పుకుని లేచారు. నా చుట్టూ చాపలన్నీ ఖాళీ అయ్యాయి. అత్త ఉంటే బాగుండేదని అప్పుడు ఏడుపు వచ్చింది.

కొంతసేపటికి మా చిన్నాన్న కూతురు వచ్చి పక్కన కూర్చుంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, కౌతాళంలో ఇచ్చి రెండేళ్ళయింది. గోడ వైపు చూస్తూ అడిగింది.

"అక్కా, నాకు మూడు నెలలైంది రాక. కడుపు నిలిచిందని కౌతాళంలో మా అత్త ఊరంతా సెప్పుకుంటాంది. పరీక్ష సేసుకుంటే లేదని వచ్చినాది. ఎవురికీ సెప్పల్యా. యాడికి పోవాల?"

"రేపు కర్నూలు పోదాం. నేను నీతో వస్తాను" అన్నాను. లోపలినుంచి ఎవరో ఆమెను పిలిచారు. పలకలేదు. నా పక్కనే కూర్చుంది.