వెర్నా వండిన రెండు గిన్నెల గ్రేవీ

కెంటకీలోని మా ఊరి మాంసం దుకాణంలో వెర్నా ముప్పైయేళ్లు కోళ్లు కోసింది. కందనకాయ, కార్జం, గుండెకాయ, మెడ కాగితంలో చుట్టి మళ్లీ కోడి కడుపులోనే పెట్టడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. ఆ పొట్లాన్ని ఆమె ‘జిబ్లెట్స్’ అనేది. భర్త ఓర్విల్ అదే మాటను ‘గిబ్లెట్స్’ అని పలికేవాడు. పెళ్లయిన వారానికే మొదలైన ఆ తగువు మనవరాళ్లు పుట్టినా తెగలేదు.

ఆ ఏడు థాంక్స్‌గివింగ్ పండుగ ముందు ఆదివారం చర్చి విందులో టర్కీ కోడి మాంసం మీద పోసుకోవడానికి ఆ పొట్లంలోని ముక్కలతో గ్రేవీ వండే పని వెర్నాకు పడింది. తెల్లవారకముందే లేచి కలిపి, ఒకే గ్రేవీని రెండు గిన్నెల్లో సగం సగం పోసింది. ‘జి’ అన్నవాళ్లకు కుడి గిన్నె, ‘గి’ అన్నవాళ్లకు ఎడమది. ఏది ముందు ఖాళీ అయితే ఇంట్లో ఇకమీదట ఆ మాటే.

వరుసలో సగం మంది ఆమె చుట్టాలు, సగం ఓర్విల్ చుట్టాలు. ఎవరికి కోపం వస్తుందోనని ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. పియానో వాయించే లుటిషా “ఆ గోధుమ రంగుది కాస్త” అంది. పాస్టరుగారు గిన్నెల వైపు వేలు చూపించారు.

“పేరు చెప్పండి పాస్టరుగారూ,” అంది వెర్నా.

తాను గ్రేవీ మానేశానని చెప్పి ఆయన ఉత్త టర్కీ పట్టుకుని వెళ్లిపోయారు. వెనకవాళ్లంతా అదే దారి పట్టారు. రెండు గిన్నెల్లోనూ గ్రేవీ చల్లారి పైన పొర కట్టింది. వెర్నా గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

చివర్లో ఓర్విల్ వచ్చాడు. భార్య మొహం చూశాడు. పళ్లెం కుడివైపు చాచాడు.

“జిబ్లెట్స్ పొయ్యవే.”

హాలంతా ఫోర్కులు ఆగిపోయాయి.

“జాలిపడి అన్నావు. అది లెక్కలోకి రాదు,” అంది వెర్నా.

“నలభై ఏళ్లుగా అనమన్నావు. అన్నాను. ఇంకేం చెయ్యమంటావే?”

“ఓడిపోయేదేదో మనస్ఫూర్తిగా ఓడిపో.”

“అలాగైతే గిబ్లెట్స్,” అన్నాడు ఓర్విల్.

వెర్నాకు నవ్వు ఆగలేదు. ఎడమ గిన్నె ఎత్తి కుడి గిన్నెలో గుమ్మరించి, పేరుతో పనిలేదు, వచ్చి తినమంది. గ్రేవీ మానేశానన్న పాస్టరుగారు మూడుసార్లు వచ్చారు.

తిరుగుదారిలో ట్రక్కు నడుపుతూ ఓర్విల్ ‘గిబ్లెట్స్’కు పాట కట్టి ఇల్లు చేరేదాకా పాడాడట. మర్నాడు వెర్నా నాతో ఫిర్యాదు చేసింది. చేస్తూ, ఆ రాగం కూడా తీసి వినిపించింది.