ఎక్స్‌రే గదిలో పదేళ్ల అనుభవం

కార్తీకంలో రెండో మంగళవారం, పొద్దున పదిన్నర. నంద్యాలలో నా చిన్నకూతురు పనిచేసే ఆస్పత్రిలో, ఎక్స్‌రే గది ముందర జరిగింది ఇది. గంట నాకు ఎట్లా తెలుసంటే, వచ్చినప్పటి నుంచి భయంతో గోడ గడియారాన్నే చూస్తూ కూర్చున్నాను.

భయం ఎందుకో చెప్పాలంటే అంతకుముందు ఆదివారం సంగతి చెప్పాలి. ఆ రోజు నా కూతురు ఆళ్లగడ్డలో ఉన్న మా ఇంటికి వచ్చింది. దానికి మూడో నెల. ఆ సంగతి దాని మొగునికి, నాకు తప్ప ఎవరికీ తెలియదు. బొరుగుల ఉగ్గాని చేసి ముందర పెడితే ఆ వాసనకే లేచి బయటికి పరుగెత్తింది. మూతి కడుక్కొని వచ్చి కూర్చుంది. కడుపు సంగతి వదిలేసి సంఘం సంగతి ఎత్తుకుంది.

ఎక్స్‌రే లాంటి కిరణాల నుంచి మనుషులను కాపాడే పనిలో ఉన్నవాళ్లకు ఒక సంఘం ఉందట. అందులో మెట్లు ఉన్నాయట. చదువుకునే పిల్లలకు విద్యార్థి సభ్యత్వం. దాని పైన సహ సభ్యత్వం, అది నా కూతురికి ఎప్పుడో వచ్చింది. ఆ పైన పూర్తి సభ్యత్వం. అన్నిటికీ పైన ఫెలో.

“ఫెలో అంటే తిట్టు గదామే?” అన్నాను.

“నీకు తిట్టు, వాళ్లకు గౌరవం. నాకు ఫెలో యాల లేమ్మా, పూర్తి సభ్యత్వం వస్తే చాలు. అది ఉంటే మా గదికి రక్షణ చూసే పని నాకే ఇస్తానని పెద్ద డాక్టరు చెప్పినాడు. పెద్ద డిగ్రీ ఉన్నోళ్లకు తక్కువ ఏండ్లు చాలు. నాది డిప్లొమా గదా, రేడియేషన్‌లో పదేండ్ల అనుభవం కావాలంట. ఇంగ రెండు నెలలే తక్కువ.”

అనుభవం. ఆ మాటే నన్ను పట్టుకుంది. నేను నలభై దాటినాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దినదాన్ని. చదువుకున్నవాళ్లకు అనుభవం అంటే పనిలో ఆరితేరడం. నాకు తెలిసిన అనుభవం వేరు. మా అత్త కోపమొస్తే “అనుభవిస్తావులే” అని శపించేది. మంచాన పడినవాణ్ణి చూస్తే “పాపం, అనుభవిస్తాండాడు” అంటాం. కాబట్టి నాకు అర్థమైంది ఇది: పదేళ్లపాటు ఆ కిరణాలు ఒంటికి పట్టించుకున్నవాళ్లనే ఆ సంఘం పైమెట్టు ఎక్కిస్తుంది. నా కూతురు ఇన్నేళ్లూ పట్టించుకుంది. మిగిలిన రెండు నెలలు కడుపులోదానికి కూడా పట్టిస్తుంది.

“కడుపుతో ఉండావని ఆస్పత్రిలో చెప్పినావా?”

“చెప్తే గది మాన్పించి చీటీలు రాసే కాడ కూర్చోబెడతారు. ఆ నెలలు లెక్కకొస్తాయో రావో. మల్ల కాన్పు, సెలవులు. అంతలో ఆ పని ఇంగొకరికి పోతాది. పొట్ట కనపడేలోపల రెండు నెలలు అయిపోతాయి. నువ్వు నోరు మూసుకో.”

మూసుకున్నాను, సోమవారం దాకా. మంగళవారం మొదటి బస్సు ఎక్కాను. సిరివెళ్ల దాటేదాకా పక్కనామె ఏదో అడుగుతూనే ఉంది. ఏం చెప్పానో గుర్తులేదు.

గది తలుపు మీద ఎర్ర లైటు ఉంది. అది వెలిగితే లోపల కిరణాలు పుడుతున్నట్టని ఆస్పత్రి ఆయా చెప్పింది. వెలిగినప్పుడల్లా ఆరేదాకా ఒకటి, రెండు అని లెక్కపెట్టాను. ఆరినాక కూతురు బయటికొచ్చి ఇంకొక పేరు పిలిచి మళ్లీ లోపలికి పోయేది. నన్ను చూసింది గానీ పలకరించలేదు. ఎందుకొచ్చానో దానికి తెలుసు.

నా పక్కన కర్నూలు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఆ సంఘంలో పూర్తి సభ్యుడు. పైమెట్టుకు పోవాలంటే అలాంటివాళ్లు ఇద్దరు పూచీ పడాలట. పనిచేసే తీరు కళ్లతో చూసి సంతకం పెడదామని వచ్చాడు. నేను దాని తల్లినని ఆయా చెబితే నవ్వుతూ నమస్కారం పెట్టాడు.

“సార్, నా బిడ్డ ఇంగెంత అనుభవించాల?” అన్నాను.

“ఎంతోలేదు పెద్దమ్మా. రెండు నెలలు ఓపిక పడితే సరిపోతుంది.”

“ఓపిక దానికుంటాది. కడుపులోదానికి ఉండొద్దా?”

ఆయన నవ్వు ఆగిపోయింది. అప్పుడే తలుపు తెరిచి నా కూతురు బయటికొచ్చింది. “మా!” అని ఒక్క అరుపు అరిచింది. నేను ఆగలేదు. తలుపు మీది బోర్డు దగ్గరికి పోయి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ గట్టిగా చదివాను: “గ-ర్భి-ణు-లు ముం-దు-గా తె-లు-ప-వ-లె-ను.”

“ఇది మాకేనా సార్, లోపల పనిచేసేవాళ్లకు పట్టదా?”

పెద్దాయన నా కూతురి వైపు తిరిగాడు. “ఎన్నో నెల?”

“మూడు సార్.”

“ఎందుకు చెప్పలేదు?”

చేతిలోని పెన్ను ఆయన జేబులో పెట్టుకున్నాడు. తరువాత నాకు నిదానంగా చెప్పాడు. అనుభవం అంటే కిరణాలు తగిలించుకున్న కాలం కాదట, తగలకుండా పనిచేసిన కాలమట. వాళ్లు సీసం గోడ వెనక నిలబడతారట. ఎంత తగిలిందో చూడడానికే రొమ్ము మీద బ్యాడ్జి పెట్టుకుంటారట. ఇంతవరకు వచ్చిన లెక్కలన్నీ బాగున్నాయట.

“ఈ మూడు నెలలది?” అన్నాను.

“ఆ బ్యాడ్జి పరీక్షకు పోయి లెక్క రావాలమ్మా. ఇంకా రాలేదు. ఏమీ ఉండదనే అనుకుంటున్నాను.”

అనుకుంటున్నాడు. అంతే.

అంతలో, చెయ్యి విరిగిన అన్నను గడివేముల నుంచి ఎక్స్‌రేకు తీసుకొచ్చిన తమ్ముడు లేచాడు. “ఏందప్పా ఇది, మా యన్నకు తగిలితే పరవాల్యా? తీస్తారా తీయరా?”

“తీస్తాంలే, కూర్చోప్పా” అని ఆయా గదమాయించింది. చీటీలు రాసే చోట ఉన్న ఆమెను పిలుచుకొని వచ్చింది. ఆమెకూ ఆ పని వచ్చట. ఆ ఎక్స్‌రే ఆమె తీసింది.

ఆ పూటే నా కూతురు పెద్ద డాక్టరుకు చెప్పింది. గది మాన్పించారు. చీటీల దగ్గర కూర్చున్న నెలలు లెక్కకు వస్తాయో లేదో సంఘాన్ని అడుగుతానన్నాడు పెద్దాయన. సంతకం మాత్రం పెట్టలేదు. “దాచినదానికి నేను పూచీ పడలేను తల్లీ. కాన్పయినాక మళ్లీ వస్తాను” అన్నాడు. నా కూతురు నా మొహం చూడకుండా “చల్లగుండు మా, అయిపోయింది” అంది. ఆ చల్లగుండు దీవెన కాదని నాకు తెలుసు. మళ్లీ అదే వేళ వస్తే నేను మళ్లీ అదే బోర్డు చదువుతాను.

బ్యాడ్జి లెక్క ఇంకా రాలేదు. ఫోను మోగితే తీయడానికి చెయ్యి రావడం లేదు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లం: నేను, నా చిన్నకూతురు, కర్నూలు పెద్దాయన, ఆయా, చీటీలు రాసే ఆమె, చెయ్యి విరిగిన గడివేముల ఆయన, ఆయన తమ్ముడు. కడుపులోదాన్ని ఈ లెక్కలో వేయలేదు. పుట్టకముందే లెక్కలో వేయాలంటే నాకు భయం.