గడియారం నొక్కలేదు

మార్కాపురంలో ఆ చదరంగం టోర్నమెంటు చివరి ఆటకు కూర్చునేసరికే నా అరచేతులు తడిసిపోయాయి. పొద్దున గిద్దలూరులో బస్సెక్కే ముందు మా ఆయన తేల్చి చెప్పేశాడు. "ఈసారి గూడా జిల్లా జట్టుకు ఎంపిక కాలేదనుకో, ఇంగ ఈ ఆట కట్టిపెట్టు. ఆదివారాలు గూడా దుకాణంలో కూర్చో." వారమంతా గుడ్డలు కొలిచి చించే నాకు మిగిలింది ఆ ఒక్క ఆదివారమే. అదీ పోతే నాకు పిచ్చెక్కుతుంది, అంతే.

ఎదురుగా దర్శి నుంచి వచ్చిన కాలేజీ పిల్ల. జట్టులో ఒక్క చోటే ఖాళీ ఉంది. నేను గెలిస్తే నాది. డ్రా అయినా సరే, ఆమెది.

మధ్య బంట్లను ముట్టకుండా పక్కనున్న శకటు ముందరి బంటును రెండు గళ్లు తోశాను. ఆమె కూడా అదే తోసింది. నేను గుర్రం దూకిస్తే తనూ దూకించింది. కోట కడితే తనూ కట్టింది. ఒళ్లు మండిపోయింది. సొంత బుర్ర లేదా ఈ పిల్లకు? డ్రా చాలు కదా, నన్ను చూసి వేసుకుంటూ పోతే సరి! కోపం కంటే భయమే ఎక్కువైంది. ఇలాగే సాగితే నా ఆదివారాలు గంగలో కలిసినట్టే.

ఏనుగు ముందరి బంటును కదిపాను. ఈసారి ఆమె కదల్లేదు. ఎంతసేపటికీ ఎత్తు వేయదు. దొరికిందిలే అని లోపల్లోపల మురిసిపోయాను. అంతలోనే అనుమానం. ఇంతసేపు ఏం ఆలోచిస్తోంది? నేనేమైనా తప్పు వేశానా? గళ్లన్నీ మళ్లీ మళ్లీ వెతికాను. చెంపల మీదుగా చెమట కారుతోంది.

"పిన్నీ," అంది ఆ పిల్ల గొంతు తగ్గించి. "మీరు గడియారం నొక్కలేదు. మీ టైమే పోతాంది."

నా మొహం మండ! ఇంట్లో ఫోనులో ఆడే అలవాటు. అందులో ఎత్తు వేస్తే చాలు, గడియారం దానంతటదే మారుతుంది. ఇక్కడేమో ఎత్తు వేశాక గడియారం నొక్కితేనే మన టైము ఆగి ఎదుటివాళ్లది మొదలవుతుంది. గబుక్కున నొక్కాను. నాకు ఐదు నిమిషాలే మిగిలాయి.

"ముందే చెప్పొచ్చు గదమ్మా!" అని కసిరాను.

"చెప్పకూడదనే అనుకున్నా పిన్నీ. మీరు అట్ల చెమటలు కక్కుతాంటే చూడలేకపోయినా."

మళ్లీ నన్ను చూసి వేయడం మొదలుపెట్టింది. ముందు నేనే ఆమె పావును కొట్టాను. ఆమె కొట్టేసరికి ఒక ఎత్తు ఆలస్యమైంది, ఆమె ఏనుగు పోయింది. ఆ తర్వాత నిలవలేకపోయింది. చెయ్యి కలిపి, పావులు తనే సర్దింది.

"జిల్లా జట్టులో బాగా ఆడండి పిన్నీ," అని బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయింది.

బయటికొచ్చి మా ఆయనకు ఫోను చేశాను.

"ఏమయింది? గెలిచినావా?"

"గెలిచినా."

"మరి ఏడుస్తావేంది?"