చిలకమ్మ డబుల్ బ్యారెల్

గాజువాకలో అందరూ ఆడవాళ్ళే పనిచేసే ఒక గోల్డ్ లోన్ ఆఫీసు ఉంది. దాని గుమ్మం దగ్గర ఖాకీ చొక్కా తొడుక్కుని, ఎడమ భుజాన రెండు గొట్టాల తుపాకీతో నిలబడే మనిషి చిలకమ్మ. ఆ తుపాకీ ఆమె మొగుడు పోలిరాజుది. రైసు మిల్లులో కాపలా పని కోసం లైసెన్సు తెచ్చుకుని, దుకాణంలో ఉన్నవాటన్నిటిలోకీ చవకది ఏరి కొన్నాడు. అది నాలుగేళ్ళు మన్నితే గొప్పేనన్నారు తోటి గన్‌మెన్లు. కామెర్లు ముదిరి పోలిరాజు పోయాడు. తుపాకీకి ఏమీ కాలేదు. పిల్లలు లేరు. ఆ ఇనుప ముక్క నీకెందుకు, అమ్మేయమని అయినవాళ్ళంతా చెప్పారు. ఆమె వినలేదు. ఆఫీసుల చుట్టూ తిరిగి లైసెన్సు తన పేరుకి మార్పించుకుంది. పట్టడం, పేల్చడం నేర్చుకుని కొలువులో చేరింది.

చేరిన రోజు నుంచీ ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉన్నట్టే అయింది ఆమె బతుకు. రాత్రికి ఎక్కడా ఆగడానికి లేదు. అద్దె గదిలో తుపాకీ పెట్టి ఊరెళ్తే ఎవడైనా ఎత్తుకుపోతే కేసు తన మెడకి చుట్టుకుంటుంది. వెంట పట్టుకెళ్దామా అంటే పెళ్ళింటికి తుపాకీతో ఎవరు రానిస్తారు? సొంత అక్క పోయినప్పుడు కూడా పొద్దున వెళ్ళి, శవం లేచీ లేవగానే బస్సెక్కేసింది. ఇంటివాళ్ళు తమ పిల్లల్ని ఆ గది వైపు పోనిచ్చేవారు కారు. ఆఫీసుకొచ్చే వాళ్ళు కూడా ఆమెతో మాట్లాడేది ఒక్కటే. లోపలికెళ్ళొచ్చా అని.

నిరుడు వేసవిలో ఒక పొద్దున డ్యూటీ ఎక్కుతూ ఎప్పటిలాగే గొట్టాలు కిందికి వంచి, తూటాలు పెట్టి మూసింది. సరిగా పడలేదు. చేత్తో ఊపి చూస్తే తుపాకీ లొడలొడలాడింది. ఆ చప్పుడు మేనేజరు అనూరాధ కూడా విన్నది.

"ఇది పట్టుకుని నిలబడితే మనకే ప్రమాదం చిలకమ్మా. బాగుచేయించుకుని రా. అప్పటిదాకా సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్ళని వేరే మనిషిని పంపమంటాను."

వన్‌టౌన్‌లో తుపాకులు బాగుచేసే గఫూర్ కొట్టుకి తీసుకెళ్ళింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, గొట్టాల్లోంచి వెలుతురు వైపు చూశాడు.

"ఎన్నిసార్లు కాల్చారమ్మా దీన్ని?"

"ట్రైనింగులో కాల్సినాను భాయ్. మరింకెప్పుడూ నేదు."

"అదీ సంగతి. కాల్చి అరగలేదిది. రోజూ తెరిచీ మూసీ అరిగింది. గొట్టాలు చూడండి, కొత్తవాటిలా ఉన్నాయి. చవక మాలే గానీ ఇనుము గట్టిది. కీలులో చీల ఒక్కటే సన్నబడింది. ఆటోనగర్‌లో లేతు మీద కొత్తది తీయించి వేస్తాను. వారం పడుతుంది."

రోడ్డు మీదికొచ్చేసరికి చిలకమ్మకి ఒళ్ళు ఒక పక్కకి ఒరిగినట్టనిపించింది. బరువు లేకపోయినా ఎడమ భుజం పైకి లేచే ఉంది. ఇన్నేళ్ళకి ఎక్కడికైనా వెళ్ళొచ్చు. పోయిన అక్క కూతురు హిమబిందు ఆనందపురంలో ఉంటుంది. రెండు చీరలు సంచిలో పెట్టుకుని, అరటిపళ్ళు కొనుక్కుని బయల్దేరింది.

తలుపు తీసిన హిమబిందు ఆశ్చర్యపోయింది. "అయ్యో, పిన్నీ! ఏటి ఇలగొచ్చేసినావు? తుపాకీ ఏటైంది?"

"రిపేరుకిచ్చినానే. నిన్ను సూద్దామని వచ్చినాను."

హిమబిందు కాళ్ళ వెనక నుంచి ఒక పిల్ల తొంగి చూసింది. నడక వచ్చేసిన పిల్ల. చిలకమ్మ ఆ పిల్లని అంతవరకూ చూడనేలేదు.

"అన్నప్రాశనకైనా నాకు కబురు సెయ్యనేదేటే?"

"పిలిసినప్పుడల్లా తుపాకుంది, రానేనంటావు కదా పిన్నీ. ఊరికే అడగడమెందుకని మానేసినాం. ఏటనుకోకు."

హిమబిందు మాటలో నిష్ఠూరం లేదు. అరటిపళ్ళు అందుకుని కాఫీ పెట్టడానికి వెళ్ళింది. అదే ఎక్కువ నొప్పి పెట్టింది చిలకమ్మకి. కాస్త తిట్టినా బాగుండేది.

సాయంత్రం హిమబిందు మొగుడు ఉదయ్‌కుమార్ ఇంటికొచ్చాడు. అందరూ టీవీ ముందు సోఫాలో ఉన్నారు. చిలకమ్మ వాకిలి పక్కనే కుర్చీ లాక్కుని, గోడకి వీపు ఆనించి, వీధి వైపు చూస్తూ కూర్చుంది.

"సిన్నత్త మనింటికి డ్యూటీకొచ్చినట్టున్నారే!" అన్నాడతను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. వారం ఉందామని వచ్చిన మనిషి, మర్నాడే డ్యూటీ ఉందని అబద్ధమాడి వచ్చేసింది. ఉండమని ఎవరూ పట్టుబట్టలేదు.

గదిలో ఉండబుద్ధి కాక, పిలవకముందే గఫూర్ కొట్టుకి వెళ్ళింది. ఆయన భార్య మహబూబున్నీసా లోపలి నుంచి చాయ్ తెచ్చిచ్చి, స్టూలు మీద కూర్చోమంది. గఫూర్ కొత్త చీల వేసి, నూనె పెట్టి, తుపాకీ మూశాడు. ఒక్క చప్పుడుతో పడింది.

"మీరూ నేనూ పోయినా ఇది ఉంటుంది," అన్నాడు. "ఊరెళ్ళారా? ఎలా ఉన్నారంతా?"

"బాగున్నారు భాయ్. మళ్ళీ ఎప్పుడెల్తానో. ఇది ఉంటే కదల్లేను కదా."

"కదలకపోవడమేంటమ్మా? ఊరెళ్ళేటప్పుడు ఇక్కడ పెట్టి వెళ్ళండి. లైసెన్సున్న కొట్టులో దాచుకోవచ్చు. రసీదిస్తాను. చాలామంది పెడతారు."

చిలకమ్మ గ్లాసు కింద పెట్టింది. "నాకెవులూ సెప్పనేదు."

"మీరెప్పుడూ అడగలేదమ్మా," అన్నాడు గఫూర్ మెల్లగా.

తిరిగి గాజువాక వస్తున్నంతసేపూ అదే ఆలోచన. ఎందుకడగలేదు? పోలిరాజు పోయిన కొత్తలో ఒక పెళ్ళికి వెళ్తే, అక్షింతలు వేసే వేళకి ఎవరో చెయ్యి పట్టుకుని వెనక వరసలో కూర్చోబెట్టారు. ఆ తర్వాత వచ్చిన పిలుపులన్నిటికీ తుపాకీ మంచి జవాబైంది. రాలేనంటే ఎవరూ ఎందుకని అడగరు. చివరికి పిలవడమే మానేశారు. తుపాకీ ఆమెని కట్టేయలేదు, ఆమే దాన్ని అడ్డం పెట్టుకుంది. ఈ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది గానీ చెప్పుకోడానికి ఎవరూ లేరు.

మర్నాడు మళ్ళీ గుమ్మం దగ్గర నిలబడింది.

ఒక శనివారం డ్యూటీ దిగగానే తుపాకీ గఫూర్ కొట్టులో అప్పజెప్పి ఆనందపురం వెళ్ళింది. ఫోను చేస్తే ఏం సాకు వినాలోనని చేయకుండానే వెళ్ళింది. హిమబిందు ఇంత అన్నం ఎక్కువ వండింది. పిల్ల దగ్గరికి రాలేదు గానీ, ఏడవలేదు కూడా. అప్పటి నుంచీ రెండు మూడు నెలలకోసారి వెళ్తూనే ఉంది. హిమబిందు ఇంతవరకూ మళ్ళీ రమ్మని అనలేదు. వద్దని కూడా అనలేదు.